లగ్నం తప్పిన మహావీరుడు

మహాకావ్యానికి నాయకుడు ధీరోదాత్తుడై, సద్వంశంలో పుట్టినవాడై, ఎంతటి ఆపదకైనా చలించనివాడై ఉండాలని మన ఆలంకారికులు గట్టిగా చెప్పారు. ఎత్తు ఎంతుండాలో మాత్రం చెప్పలేదు. ఆ సందు చూసుకుని ముప్పై మైక్రాన్ల వీరుణ్ణి ఒకణ్ణి మీ ముందుకు తీసుకొస్తున్నాను. మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే ఒక్కో భాగం ఒక మైక్రాన్. అలాంటివి ముప్పై పేరిస్తే మనవాడి నిలువెత్తు విగ్రహం. తలవెంట్రుక పక్కన నిలబెడితే దాని మందంలో సగానికి వస్తాడో రాడో. ఆజానుబాహువు అని వర్ణిద్దామంటే బాహువులు లేవు, జానువులూ లేవు. అరవిందదళాయతాక్షుడు అందామంటే కళ్ళు లేవు. ఉన్నదల్లా ఒక్క కవచం. ఆ కవచం మీదే కావ్యమంతా నడవాలి.

బిరుదనామం పరాగుడు. ఇంట్లో పిలిచే పేరు పుప్పొడి రేణువు.

ఇతివృత్తం క్లుప్తంగా మనవి చేస్తాను. రాజు పోతే సమాధి మిగులుతుంది, ఏనుగు పోతే ఎముకలు మిగులుతాయి, గాలి పోతే ఏమీ మిగలదు. ఇరవై వేల ఏళ్ళ కిందట అరేబియా సముద్రం మీద ఏ గాలి ఎంత జోరుగా వీచిందో చెప్పే శాసనం లేదు, తాళపత్రం లేదు, వాతావరణ కేంద్రం అసలే లేదు. కానీ ఆ గాలి ఎత్తుకుపోయి నీళ్ళలో పారేసినవాళ్ళు ఉన్నారు. సముద్రం అడుగున బురదలో వరసలు వరసలుగా పడుకుని ఉన్నారు. వాళ్ళను లేపి, "మిమ్మల్ని ఇంతదూరం తెచ్చిందెవరయ్యా?" అని అడగడమే ఇక్కడి కథ.

నాయకుడన్నాక ఒక దుఃఖం ఉండాలి. మనవాడిది పెళ్ళి దుఃఖం. పుప్పొడి పుట్టిందే పెళ్ళి కోసం. తన జాతి ఆడపువ్వు కీలాగ్రం మీద సమయానికి వాలాలి, గొట్టం దింపాలి, వంశం నిలపాలి. గాలిని నమ్ముకున్న మొక్కలు ఈ ఒక్క ముహూర్తం కోసం లక్షల మంది పెళ్ళికొడుకులను ఒకేసారి బయలుదేరదీస్తాయి. పీటల మీద కూర్చునేది ఏ ఒకరిద్దరో. మిగతావాళ్ళకు లగ్నం తప్పిపోతుంది. వాళ్ళలో కొందరు మన ముక్కుల్లో దూరి తుమ్ములుగా అవతారం చాలిస్తారు. కొందరు వాకిట్లో ధూళిలో కలుస్తారు. సముద్రం మీదికి కొట్టుకుపోయినవాడికి మాత్రం చరిత్రలో చోటు దక్కింది. పెళ్ళి జరిగినవాడి గురించి శాస్త్రానికి తెలిసింది సున్నా, వాడు సంసారంలో కరిగిపోయాడు. భూమి పాత గాలుల గురించి పుప్పొడి పండితులకు తెలిసిందంతా బ్రహ్మచారులు ఇచ్చిన సాక్ష్యమే.

ఇక వంశవర్ణన. ఇక్కడ ప్రబంధకవులకు కొంచెం కష్టం కలిగించే మాట ఒకటి చెప్పాలి. మల్లె, కలువ, పారిజాతం, సంపెంగ అని వాళ్ళు వేల పద్యాలు అల్లిన పూలేవీ ఈ యుద్ధంలో కనిపించవు. అవి తుమ్మెదలకు, చిమ్మటలకు కట్నాలిచ్చి పని జరుపుకునే ఇళ్ళు. వాటి పుప్పొడి తక్కువ, బరువు, పైగా జిగట. గడప దాటి పదడుగులు వేయదు. సముద్రందాకా వచ్చేది కవులు కన్నెత్తి చూడని అలగా జనం. గడ్డి వంశం. తోటకూర, చక్రవర్తి కూరల వంశం. వినాయక చవితి నాడు మొదటి పత్రిగా పూజ అందుకుని మర్నాడు నిమజ్జనమైపోయే మాచిపత్రి, దాని ఎడారి దాయాదులు. ఆకులున్నాయో లేవో తెలియని కాడల మొక్క ఎఫెడ్రా, వేదాల్లోని సోమలత ఇదేనని వాదించే పండితులు దీనికి వకీళ్ళుగా ఉన్నారు. ఉప్పునీటి ఒడ్డున వేళ్ళమీద నిలబడి తపస్సు చేసే ఉప్పు పొన్న. వీటన్నిటికీ ఆశ్రయం గాలి ఒక్కటే.

మఱియు నవ్వీరుండు త్రింశన్మైక్రాన్‌మాత్ర గాత్రుండయ్యును, స్పోరోపొలెనిన్ కవచ సంరక్షిత సర్వాంగుండును, హైడ్రోక్లోరికాది ఘోరామ్ల ధారా నిర్భయుండును, అనేక సహస్ర సంవత్సర పంక పర్యంక శయనుండును, వివాహ విఘ్న వ్యథా నిర్లిప్తుండునునై యొప్పుచుండె.

పై వచనంలో చివరి ముక్క తప్పిస్తే అతిశయోక్తి ఒక్కటీ లేదు. ఎంత పెంచి రాసినా వాస్తవం దాటకపోవడం ఈ నాయకుడితో నాకున్న ఇబ్బంది. స్పోరోపొలెనిన్ అనేది ప్రాణికోటి తయారుచేసుకున్న పదార్థాల్లోకెల్లా మొండిది. కోట్ల సంవత్సరాల నాటి రాళ్ళలో కూడా పుప్పొడి కవచాలు దొరుకుతాయి. లోపలి జీవపదార్థం తొందరగానే పోతుంది, అంటే వీరుడు ఎప్పుడో పోయాడు, కవచం ఒక్కటే నిలబడి యుద్ధం చేస్తోంది. ఆ కవచం మీది చెక్కడం వంశానికొక తీరు. అందుకే గుర్తుపట్టడం సాధ్యమైంది.

ఆ చెక్కడం ఎలా ఉంటుందో దగ్గరగా చూద్దాం. మైక్రోస్కోపు 400 రెట్లకు తిప్పండి. తోటకూర వంశీయుడు నిండు గోళం, ఒళ్ళంతా గుండ్రటి రంధ్రాలు, ఒక్కో రంధ్రానికీ దాదాపు సమానమైన ఎడం. వేయి కన్నుల ఇంద్రుణ్ణి వర్ణించిన కవి వీణ్ణి చూస్తే వెయ్యికి బదులు ఏ అరవై దగ్గరో ఆగి, మిగతా ఘనత అంతా అలాగే ఉంచేవాడు. గడ్డి వంశీయుడిది నున్నటి ఒళ్ళు, ఒకే ఒక్క రంధ్రం, దాని చుట్టూ ఉంగరంలా ఒక అంచు. ఏకాక్షి అన్నమాట, శుక్రాచార్యుల పరంపర. మాచిపత్రివాడికి మూడు నిలువు గాడులు, మధ్యలో ఉబ్బిన మూడు బుగ్గలు. ఎఫెడ్రావాడు కండెలాగా కోలగా ఉండి, ఒంటి పొడవునా గట్లు తేరి ఉంటాడు. పైన్ చెట్టువాడు వీళ్ళందరిలో భారీ మనిషి, రెండు పక్కలా రెండు గాలిబుడగలు కట్టుకుని తిరుగుతాడు. వాడి గురించి తర్వాత చెప్తాను, వాడితో ఒక తగాదా ఉంది.

దిక్పాలకుల యుద్ధం ఇప్పుడు మొదలవుతుంది. మామూలు కావ్యంలో దిక్పాలకులు అలంకారానికి వచ్చిపోతారు. అరేబియా సముద్రం మీద వాళ్ళు నిజంగానే తన్నుకుంటారు. వేసవి ముదరగానే నైరుతి లేస్తాడు. సోమాలియా తీరం పక్కనుంచి, నేల నుంచి ఒక కిలోమీటరు, ఒకటిన్నర కిలోమీటరు ఎత్తులో ఇరుకైన ప్రవాహంగా దూసుకొస్తాడు. దాన్ని పటాల మీద గీసి చూపించినవాడు జాన్ ఫిండ్లేటర్, 1969లో. మనకు వానలు మోసుకొచ్చే బోయీ ఈ గాలే. ఇతని పల్లకీలో తూర్పు ఆఫ్రికా తడి నేలల, ఎత్తైన కొండల చెట్ల పుప్పొడి ప్రయాణం చేస్తుంది. అదే వేసవిలో అరేబియా ఎడారుల మీదుగా వాయవ్యుడు దిగుతాడు. వేడిగా, పొడిగా, దుమ్ముతో. నైరుతి తడిగా బరువుగా కింద పాకుతుంటే వాయవ్యుడు అతని వీపెక్కి పైపైన సవారీ చేస్తూ సముద్రం మధ్యదాకా వచ్చి, మోసుకొచ్చిన ఎడారి దుమ్మును, ఎఫెడ్రా, మాచిపత్రి సైన్యాన్ని కిందికి విదిలిస్తాడు. చలికాలానికి ఇద్దరూ అలసిపోతే ఈశాన్యుడు సింధు మైదానం వైపునుంచి, థార్ ఎడారి వైపునుంచి ఎదురు వస్తాడు. ముగ్గురు దొరలు, ముగ్గురి పల్లకీల్లో మూడు దేశాల బ్రహ్మచారులు. ఎవరి సైన్యం ఎక్కువ మునిగితే ఆ కాలంలో వాడిది పైచేయి. సూత్రం ఇంతే. సూత్రానికి సంసారానికి మధ్య దూరం ఎంతో ముందు ముందు తెలుస్తుంది.

ఇక సముద్ర లంఘనం. హనుమంతుడికి దారిలో సురస ఎదురైంది. నోరు తెరిచి, ఇందులో దూరి పొమ్మంది. ఆయన బొటనవేలంత అయి నోట్లో దూరి, అదే నోటినుంచి బయటపడ్డాడు. మనవాడు పుట్టుకతోనే అంతకన్నా చిన్నవాడు కాబట్టి ఒళ్ళు తగ్గించుకునే శ్రమ లేదు. అతనికి ఎదురైన సురస పేరు కోపిపాడ్, బియ్యపు గింజకన్నా చిన్న రొయ్యజాతి జీవి. నీటి మీద తేలే దేన్నైనా సరే గుటుక్కున మింగుతుంది. మనవాణ్ణీ మింగింది. తేడా ఏమిటంటే మనవాడు వెళ్ళిన దారిన తిరిగి రాలేదు, ఇల్లంతా చూసుకుని పెరటి గుమ్మం గుండా బయటికొచ్చాడు. మలగుళికలో ఒదిగి వచ్చాడని శాస్త్రజ్ఞులు మొహమాటం లేకుండా రాస్తారు. కావ్యంలో అలా రాయకూడదు కనుక దివ్యవిమానం అందాం. ఆ విమానం లేకపోతే కథే లేదు. ముప్పై మైక్రాన్లవాడు ఒంటరిగా మూడు నాలుగు కిలోమీటర్ల నీళ్ళలో మునగాలంటే ఏళ్ళు పడుతుంది, ఆ లోపల ప్రవాహాలు ఎక్కడికి ఈడ్చుకుపోతాయో తెలియదు. బరువైన గుళికలో కూర్చుంటే రోజుకు వంద మీటర్ల లెక్కన దిగి కొన్ని వారాల్లో పాతాళం చేరతాడు. పడినచోటికి దాదాపు తిన్నగా కింద. సముద్రం అడుగున దొరికిన పుప్పొడిని పైన వీచిన గాలికి సాక్షిగా నిలబెట్టే ధైర్యం పండితులకు చాలావరకు ఈ కోపిపాడు పెరటి గుమ్మం వల్లే వచ్చింది.

పాతాళవర్ణన ఎక్కువ చెయ్యను. చీకటి, చలి, బురద. ఆ బురద నడిసముద్రంలో వెయ్యేళ్ళకు కొన్ని సెంటీమీటర్లు పేరుకుంటుంది, తీరం దగ్గర అంతకన్నా జోరు. ఒక్క విశేషం చెప్పాలి. కవచానికి ఆమ్లాలంటే లెక్కలేదు గాని ఆక్సిజన్ అంటే భయం. మెల్లమెల్లగా కొరుక్కుతింటుంది. అరేబియా సముద్రంలో సుమారు 150 మీటర్ల నుంచి 1,200 మీటర్ల లోతుదాకా ఆక్సిజన్ బాగా తక్కువ ఉన్న నీటి పొర ఒకటి ఉంది, చేపలకు గండం. ఆ పొర తగిలే ఏటవాలు బురదలో మనవాడికి మాత్రం హంసతూలికా తల్పం.

అట్లా వేల ఏళ్ళు శయనించిన పిదప క్షీరసాగర మథనం జరిగెను. మందరగిరి స్థానంలో ఉక్కు గొట్టం, వాసుకి స్థానంలో తీగతాడు. స్వీడన్‌వాడైన బోర్యె కూలెన్‌బర్గ్ పిస్టన్ అమర్చిన గొట్టం కనిపెట్టాకే సముద్రపు బురదను పొరలు చెదరకుండా మీటర్ల కొద్దీ పైకి లాగడం వచ్చింది. 1947-48లో ఆల్బట్రాస్ ఓడ దాన్ని ప్రపంచమంతా తిప్పింది. మన అరేబియా కథలో మథనం చేసిన ఓడ ఫ్రెంచివాళ్ళది, మారియన్ డుఫ్రెన్. దాని పేరులోని ఎం, డి అక్షరాలే ఆ బురద గొట్టాలకు ఇంటిపేరయ్యాయి. పురాణ మథనంలో ముందు హాలాహలం వచ్చింది, తర్వాత అమృతం. ఇక్కడ ముందు బురద, తర్వాత కూడా బురదే. హాలాహలం ప్రయోగశాలలో కాచుకుని ఉంటుంది.

ప్రయోగశాల పర్వం ఈ కావ్యంలో అసలైన రక్తపాతం. కర్ణుడి దగ్గరికి ఇంద్రుడు బ్రాహ్మణ వేషంలో ఒక్కసారి వచ్చాడు, అడగ్గానే కవచం ఊడింది. మనవాడి దగ్గరికి ఇంద్రుడు మూడు వేషాల్లో వస్తాడు. మొదటి వేషం హైడ్రోక్లోరిక్ ఆమ్లం, సున్నపు గుల్లలన్నీ నురగలు కక్కి కరిగిపోతాయి, మనవాడు కదలడు. రెండో వేషం హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం. ఇది ఇసుకను తింటుంది, బంకమట్టిని తింటుంది, గాజు సీసాలో పోస్తే సీసాను తింటుంది. చర్మం మీద పడితే లోపలికి దిగి ఎముకలోని కాల్షియాన్ని వెతుక్కుంటుంది. అందుకే ప్లాస్టిక్ గొట్టాలు, మందపాటి గ్లవ్స్, ముఖానికి తొడుగు, గాలి పీల్చేసే ఫ్యూమ్ హుడ్, పక్కనే కాల్షియం గ్లూకొనేట్ జెల్. ఋత్విక్కులు యాగశాలలో కూడా ఇంత మడి కట్టి ఉండరు. మనవాడు కదలడు. మూడో వేషం తొమ్మిది పాళ్ళ ఎసిటిక్ ఎన్‌హైడ్రైడు, ఒక పాలు గంధకామ్లం. నీటిబొట్టు తగిలితే భగ్గుమనే ఈ మిశ్రమం మొక్కల పీచును కరిగిస్తుంది. దీన్ని పుప్పొడి మీద ప్రయోగించే పద్ధతి నేర్పింది స్వీడన్ పండితుడు గున్నార్ ఎర్ట్‌మన్. యుద్ధం ముగిసేసరికి గుప్పెడు బురదలో మిగిలేది గొట్టం అడుగున ఒక్క చుక్క గోధుమరంగు మడ్డి. ఆ చుక్కంతా కవచాలే. అడిగిన ఇంద్రుడు మూడుసార్లూ ఉత్తచేతులతో వెనక్కి పోయాడు.

ఆ గొడవ మొదలయ్యే ముందే ఒక చిన్న కుతంత్రం జరుగుతుంది. బురదలో లైకోపోడియం అనే మొక్క సిద్ధబీజాల మాత్ర ఒకటి వేస్తారు. ఒక్కో మాత్రలో ఎన్ని బీజాలున్నాయో తయారుచేసినవాళ్ళు ముందే లెక్కగట్టి ఉంచుతారు. వీళ్ళు శత్రుసైన్యంలోకి పంపిన వేగులవాళ్ళు. వేగులు ఎంతమంది వెళ్ళారో తెలుసు గనక, తిరిగి కనిపించిన వేగులెందరో, వాళ్ళ పక్కన కనిపించిన పుప్పొడి వీరులెందరో చూస్తే మొత్తం సైన్యం తేలిపోతుంది. మాత్రలో 12,000 మంది ఉన్నారనుకుందాం. స్లైడు మీద 300 మంది పుప్పొడివాళ్ళను లెక్కపెట్టేలోపు 100 మంది వేగులు కనిపించారనుకోండి, ఆ బురదముద్దలో మన వీరులు 36,000 మంది. విభీషణుడు రాముడికి చెప్పిన లంక బలగం లెక్కకన్నా ఇది నమ్మదగినది.

లెక్కపెట్టేది మనిషే. గ్లిజరిన్‌లో ఒక బొట్టు, పైన కవర్ గ్లాసు, కుడిచేత్తో స్లైడు జరపడం, ఎడంచేత్తో లెక్కమీట నొక్కడం. గడ్డి, గడ్డి, తోటకూర, గడ్డి, వేగు, మాచిపత్రి, ఏదో విరిగిన ముక్క. రెండు బుడగల్లో ఒకటి ఊడిపోయిన పైన్‌వాడు వస్తే అర మనిషి అని రాసుకుంటారు, రెండో సగం దొరికితే ఒకటి పూర్తవుతుంది. జరాసంధుడి పుట్టుక ఇక్కడ రోజూ జరుగుతుంది. స్లైడుకు మూడు వందలు, గొట్టానికి పదుల స్లైడులు, గొట్టాలు రెండు మూడు. పద్దెనిమిది అక్షౌహిణులకు పద్దెనిమిది రోజులు చాలాయి, ఈ పర్వానికి ఏళ్ళు పడుతుంది. వ్యాసుడు చెప్తుంటే వినాయకుడు రాశాడంటారు. ఇక్కడ చెప్పేదీ రాసేదీ మెడ పట్టేసిన ఒకే పరిశోధక విద్యార్థి.

ఈ పరిశోధనకు ఆదికవి లెన్నార్ట్ ఫాన్ పోస్ట్. 1916లో, ఇప్పుడు ఓస్లో అంటున్న ఊళ్ళో, స్వీడన్ బురదనేలల్లోని పుప్పొడి లెక్కలను పొరల వారీగా గీసి చూపించాడు. ఆయనది చెరువుగట్టు కావ్యం, సముద్రం జోలికి పోలేదు. గాలి సముద్రం మీదికి ఏం మోసుకుపోతుందన్న అనుమానం అంతకు చాలాముందే ఒకాయనకు వచ్చింది. 1832 జనవరిలో బీగిల్ ఓడ కేప్ వెర్డ్ దీవుల దగ్గర ఉండగా, స్తంభం మీది గాలిసూచికకు అంటిన సన్నటి దుమ్మును చార్లెస్ డార్విన్ గీకి దాచాడు. అలాంటి దుమ్మున్న ఐదు చిన్న పొట్లాలు జర్మన్ పండితుడు ఎరెన్‌బర్గ్‌కు చేరితే, ఆయన అందులో 67 రకాల జీవరూపాలు తేల్చాడు. నూటైదేళ్ళ తర్వాత, 1937లో, ఇందాకటి ఎర్ట్‌మన్ స్వీడన్ నుంచి న్యూయార్క్ వెళ్ళే ఓడలో వాక్యూమ్ క్లీనర్ పెట్టుకుని అట్లాంటిక్ గాలిని దారిపొడవునా పీల్చాడు. అగస్త్యుడు సముద్రం తాగితే పురాణమైంది, ఎర్ట్‌మన్ సముద్రం మీది గాలి తాగితే పరిశోధన వ్యాసమైంది. నడిసముద్రంలోనూ పుప్పొడి దొరికింది, ఒడ్డు దగ్గరికన్నా తక్కువగా.

ఇప్పుడు న్యాయస్థానం. ఇక్కడే నాకు ఈ కావ్యం మీద అసలు మోజు. అంత మహావీరుణ్ణీ బోనులో నిలబెట్టి ప్రశ్నలు వేస్తారు.

"ఏమయ్యా తోటకూర వంశీయుడా! అడుగు పొరలో మీవాళ్ళు నూటికి పదిమంది. దాని మీది పొరలో నూటికి ముప్పైమంది. అంటే గాలి మూడింతలైనట్టేనా?"

"అయ్యా, తమరు పెద్దలు, కాదనలేను. గాలి పెరిగే ఉండొచ్చు. లేదా మా ఊళ్ళో కరువొచ్చి చెట్లు చచ్చి, మా కలుపు జనం పెరిగి ఉండొచ్చు. అప్పుడు గాలి ఎప్పటిలాగే ఉన్నా మేం ఎక్కువమందిమి వస్తాం. మంచుయుగంలో సముద్రం నూట ఇరవై మీటర్లు కిందికి జారిందటగా, అప్పుడు ఒడ్డు ముందుకు జరిగి మా ఊరే తమరి గొట్టం దగ్గరికి వచ్చి ఉండొచ్చు. ఇవేమీ కాకుండా, మేం ఉన్నంతమందిమే ఉండి, గడ్డివాళ్ళు తగ్గిపోయి ఉండొచ్చు. తమరు నూటికి ఎందరని అడిగారు గాని, మొత్తం ఎందరని అడగలేదు."

ఈ సమాధానం తర్వాత కావ్య సంప్రదాయం ప్రకారం కుకవినింద చెయ్యాలి. శాతాలు మాత్రమే గీసి, వేగుల లెక్క చెప్పకుండా, గాలి హెచ్చింది తగ్గింది అని తీర్పు రాసేవాళ్ళు ఈ రంగంలో కుకవులు. వాళ్ళ పటాలు చూడచక్కగా ఉంటాయి. ఒకటి పెరిగితే ఇంకొకటి తగ్గక తప్పని లెక్కలో వంపులన్నీ తమంతట తామే అందంగా వస్తాయి మరి.

సుకవులు ఏం చేస్తారు? ముందు నేటి సాక్షులను విచారిస్తారు. వాయవ్య ఆఫ్రికా తీరం ఎదురుగా అట్లాంటిక్ అడుగున పైపొర బురదను చాలాచోట్ల తీసి, ఇప్పటి గాలులు ఇప్పటి పుప్పొడిని ఎక్కడెక్కడ పడేస్తున్నాయో హెన్రీ హూఖియెమ్‌స్ట్రా, అగ్వూ, బోయ్గ్ 1986లో పటం గీశారు. సహారా మీదుగా వచ్చే గాలి దారి ఒకచోట, వ్యాపార పవనాల దారి ఇంకొకచోట, నదుల వాటా వేరొకచోట. గాలి చేవ్రాలు ఎలా ఉంటుందో ముందు తెలిస్తేనే పాత కాగితం మీద పోల్చుకోగలం. పైన్‌వాడి తగాదా కూడా ఇలాంటి పటాల్లోనే బయటపడుతుంది. రెండు బుడగలున్న వాడు గాలిలోనూ తేలతాడు, నీళ్ళ మీదా తేలతాడు, ఎక్కడ అడవి ఉందో అక్కడికి ఎంతో దూరంలో గుంపులుగా చేరతాడు. ఉన్నది పదిమందైతే వందమందిలా హడావుడి చేస్తాడు. అందుకే చాలామంది పండితులు వాణ్ణి మొత్తం లెక్కలోంచి పక్కన కూర్చోబెట్టి, మిగతావాళ్ళ శాతాలు వేరుగా కడతారు. రాజసభలో ఉత్తర కుమారుడికి ఇచ్చే గౌరవం ఇది.

ఆపైన పుప్పొడితో పేగుబంధం లేని మరో సాక్షిని పిలుస్తారు. అరేబియా సముద్రంలో ఆ సాక్షి గ్లోబిజెరైనా బులాయిడిస్ అనే సున్నపు గుల్ల జీవి. నైరుతి జోరుగా వీస్తే సోమాలియా, ఒమన్ తీరాల దగ్గర లోతు నీళ్ళు చల్లగా పైకి ఉబుకుతాయి, ఆ చలువకు ఈ జీవి సంతానం విపరీతంగా పెరుగుతుంది. దీనికి ఆఫ్రికా చెట్లతో సంబంధం లేదు, ఎడారి కరువుతో సంబంధం లేదు. 1982లో ఎలీజ్ వాన్ కాంపో, డుప్లెస్సి, రొసిన్యోల్-స్ట్రిక్ కలిసి అరేబియా సముద్రపు గొట్టంలో లక్షన్నర ఏళ్ళ పుప్పొడిని ఆక్సిజన్ ఐసోటోపుల కాలపట్టికతో జతచేసి 'నేచర్'లో ప్రచురించారు. 1986లో అదే పత్రికలో వారెన్ ప్రెల్, వాన్ కాంపో ఇద్దరు సాక్షులనూ ఎదురెదురుగా నిలబెట్టారు. నైరుతి పల్లకీలో వచ్చిన పుప్పొడి, చల్లనీటి గుల్ల జీవి, రెండూ కలిసికట్టుగా హెచ్చాయి, కలిసికట్టుగా తగ్గాయి. ముఖపరిచయం కూడా లేని ఇద్దరు ఒకే మాట చెప్తే ఏ కోర్టైనా వింటుంది. మంచుయుగం ముదిరినప్పుడు నైరుతి నీరసించాడు, ఎడారి సైన్యాలు బలిశాయి. భూమి అక్షం బొంగరంలా ఊగుతూ సుమారు 23,000 ఏళ్ళకొకసారి వేసవి సూర్యుణ్ణి ఉత్తరానికి దగ్గర చేస్తుంది, ఆ ఊపుకు నైరుతి మళ్ళీ మీసం దువ్వుతాడు. అట్లా దువ్విన మీసం ఆఖరిసారి పదకొండు వేల ఏళ్ళ కిందటి ప్రాంతంలో.

మడచెట్ల ఉప్పు పొన్నను ఇక్కడ వేరుగా చెప్పుకోవాలి. అది ఒడ్డునే పెరుగుతుంది, కాబట్టి దాని పుప్పొడి దూరదేశపు గాలి కబురు చెప్పదు, పక్కింటి సముద్రం మట్టం గురించి, నదులు తెచ్చిన మంచినీళ్ళ గురించి చెప్తుంది. ఈ జాతుల పుప్పొడిని గుర్తుపట్టడం తేలిక కాదు. ఆ పని మీద జీవితం పెట్టిన మనిషి పుదుచ్చేరిలోని ఫ్రెంచి పరిశోధన సంస్థలో ఉండేవారు, గణపతి తనికైమోని. ఉష్ణమండలపు మొక్కల పుప్పొడి స్లైడులు అక్కడ వేల సంఖ్యలో పోగయ్యాయి, మన ప్రాంతపు సముద్రంలో దొరికిన రేణువు ఎవరిదో తేల్చాలంటే పోల్చుకోవలసిన వంశవృక్షాల్లో అదొకటి. ఇక్కడ ఎకసెక్కం కాసేపు ఆపుతాను. 1986 సెప్టెంబర్ 5న కరాచీలో పాన్ ఆమ్ విమానం హైజాక్ అయినప్పుడు అందులో ఉన్న తనికైమోని ప్రాణాలు కోల్పోయారు. మడచెట్ల పుప్పొడి మీద ఆయన పుస్తకం మరుసటి ఏడాది వచ్చింది. ఆ రంగంలో పనిచేసేవాళ్ళు ఇప్పటికీ దాన్ని తెరుస్తారు.

మన వైపు సంగతేమిటని తెలుగు పాఠకుడు అడుగుతాడు, న్యాయమే. బంగాళాఖాతంలో మన ఒడ్డున గాలి కావ్యం అంతగా కుదరదు. కృష్ణ, గోదావరి, మహానది మోసుకొచ్చే మట్టిలో దక్కను పీఠభూమి పుప్పొడి అంతా కొట్టుకొచ్చి పడుతుంది, గాలి తెచ్చినవాడు ఆ తిరునాళ్ళలో తప్పిపోతాడు. కాబట్టి ఇక్కడ అడగవలసింది గాలిని గురించి కాదు, వానను గురించి. 2006లో జాయిడిస్ రిజల్యూషన్ అనే తవ్వకపు ఓడ కృష్ణా-గోదావరి బేసిన్‌కు, మహానది బేసిన్‌కు వచ్చింది. అది పుప్పొడి కోసం రాలేదు, సముద్రం అడుగున గడ్డకట్టిన గ్యాస్ హైడ్రేట్ల కోసం వచ్చింది. ఖర్చు గ్యాస్ ఖాతాలో పడింది, బురద పుప్పొడి పండితులకూ దక్కింది. మహానది ఎదురుగా తీసిన గొట్టంలోని పుప్పొడిని కొరలీ జోర్జీ బృందం చదివి, పాత రుతుపవనాల ఎగుడుదిగుళ్ళను 2015లో బయటపెట్టింది.

గోదావరి ఎదురుగా, 1,268 మీటర్ల నీళ్ళ కింద తీసిన గొట్టాన్ని కమీలో పోంటన్, లివియు జియోసాన్ బృందం పట్టుకుంది. 2012లో వాళ్ళు చెప్పిన మాట: సుమారు 4,000 ఏళ్ళ కిందటి నుంచి 1,700 ఏళ్ళ కిందటిదాకా గోదావరి పరివాహక ప్రాంతంలో పొడినేలను తట్టుకునే మొక్కలు మెల్లగా పెరుగుతూ వచ్చాయి, ఆ తర్వాత అవే పాతుకుపోయాయి. మనవాడి విజయం అనుకుని శంఖం ఎత్తబోయాను గాని, అక్కడ సాక్ష్యం చెప్పింది పుప్పొడి కాదు. ఆకుల మీద మెరిసే పలుచటి మైనం. అది నదిలో కొట్టుకొచ్చి బురదలో చేరితే, అందులోని కార్బన్ ఐసోటోపులను బట్టి ఏ రకం మొక్కల ఆకులో చెప్తారు. దానికి కవచం లేదు, కళ్ళు లేవు, పెళ్ళి దుఃఖం అసలే లేదు, ఆకారమే లేదు. దాన్ని నాయకుణ్ణి చేసి ప్రబంధం రాయాలంటే నాకన్నా గట్టివాడు పూనుకోవాలి. పూనుకునేవారికి ఒక్క మనవి: ఐసోటోపుల మీద సీసం ఎత్తుకునే ముందు యతి ఎక్కడ పడుతుందో చూసుకోండి.